పొక్కు లేవక ముందే

అందరికీ నమస్కారం.

పెదవి అంచున చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తాయి, చిట్లుతాయి, పెచ్చు కడతాయి. జ్వరం తర్వాత వస్తే వేడి చేసిందనుకుంటాం. నిజానికి అది హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 1 అనే వైరస్. అక్కికి కారణం వేరే వైరస్, రెండింటినీ కలపకండి.

హెర్పిస్ అన్న మాట వినగానే కొందరు తలదించుకుంటారు. 50 ఏళ్లలోపు వాళ్లలో సుమారు 380 కోట్ల మందికి ఈ వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి ఇది చిన్నప్పుడే, అయినవాళ్ల ముద్దుల వల్ల అంటుకుంటుంది. అందులో మన తప్పేముంది?

ఒకసారి ఒంట్లో చేరాక ముఖానికి స్పర్శనిచ్చే నరం మూలం దగ్గర అది జీవితాంతం దాక్కుంటుంది. జ్వరం, ఎండ, నిద్రలేమి, టెన్షన్, నెలసరి, వీటిలో ఏదైనా దాన్ని లేపవచ్చు. లేచాక అదే నరం వెంట పెదవికి దిగుతుంది. ఎప్పుడూ దాదాపు అదే చోట వచ్చేది అందుకే. ఎండ వల్ల పొక్కులు లేచేవాళ్లకు సన్‌స్క్రీన్ ఉన్న లిప్ బామ్ మేలు చేస్తుంది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది పొక్కుకు ముందు గంటల గురించి. ఆ చోట చురచురమంటుంది, దురద, సన్నటి మంట. మందు మొదలుపెట్టాల్సింది అప్పుడే. ఎందుకంటే మందు వైరస్ పెరగకుండా ఆపుతుంది గానీ అప్పటికే పడ్డ పుండును మాన్పదు. ఎసైక్లోవిర్ క్రీమ్ రోజుకు ఐదుసార్లు రాస్తే కొంత ఉపశమనం. వాలసైక్లోవిర్ మాత్రలు అంతకంటే బాగా పనిచేస్తాయి: పెద్దవాళ్లకు 2 గ్రాములు, 12 గంటల తర్వాత మళ్లీ 2 గ్రాములు, అంతే. తరచూ వచ్చేవాళ్లు డాక్టర్‌తో ముందే రాయించుకుని ఇంట్లో ఉంచుకోండి. కిడ్నీ జబ్బు ఉంటే, గర్భంతో ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. యాంటీబయాటిక్ వైరస్‌పై పనిచేయదు. చేతికందిన స్టిరాయిడ్ క్రీమ్ రాస్తే పుండు ముదరవచ్చు.

జాగ్రత్త కూడా ఆ చురచురతోనే మొదలవ్వాలి. చర్మం పూర్తిగా మానేదాకా ముద్దులు, ఓరల్ సెక్స్ వద్దు. గ్లాసు, స్పూను, టవల్, లిప్‌స్టిక్, రేజర్ ఎవరివి వాళ్లకే. పుండును గిల్లకండి, మందు రాశాక చేతులు కడగండి. పొక్కు లేనప్పుడు కూడా లాలాజలంలో వైరస్ ఉండవచ్చు, కానీ పొక్కులున్నప్పుడే ముప్పు బాగా ఎక్కువ.

పసిపిల్లల విషయంలో మాత్రం మొహమాటం అసలు వద్దు. పుట్టిన నెల లోపు బిడ్డకు ఇది సోకితే మెదడు, కాలేయం దాకా పాకి ప్రాణం తీయగలదు. పెదవి మీద పొక్కున్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా బిడ్డను ముద్దుపెట్టుకోకూడదు. ఆ మాట బాలింత నోట అనిపించకుండా ఇంట్లోవాళ్లే చెప్పండి. తల్లికే పొక్కు ఉంటే మాస్క్ పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చు. రొమ్ము మీద మాత్రం పుండు ఉండకూడదు. బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా, జ్వరం వచ్చినా, ఒంటి మీద పొక్కు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కన్ను ఎర్రబడి నొప్పి పుడితే అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించండి. పుండు రెండు వారాలు దాటినా మానకపోతే అది వేరే జబ్బేమో పరీక్ష చేయించాలి.

ఇక మీ సందేహాలు అడగండి.