సీజన్ కూలీల వేతనాల కేసు: రాజీ కోసం వాయిదా అడిగితే ఏం రాయించుకోవాలి

తెరపై: పొగాకు గ్రేడింగ్ గోడౌన్. కింద వరసగా కూర్చుని ఆకు వేరు చేస్తున్న ఆడవాళ్లు. మొహాలు వద్దు, చేతులు చాలు.

వ్యాఖ్యానం:
టంగుటూరు, కొండపి, కందుకూరు, కలిగిరి. అన్నీ పొగాకు వేలం కేంద్రాలున్న ఊళ్లే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేలం మొదలైతే జులై, ఆగస్టు దాకా సాగుతుంది. గ్రేడింగ్ పని కూడా దాదాపు ఆ నెలల్లోనే. ఆ తర్వాత గోడౌన్‌కి తాళం పడుతుంది, కూలీలు నాట్లకో కోతలకో తలో దిక్కు పోతారు.

లెక్క కోసం ఒక కేసు అనుకుందాం. 46 మంది ఆడకూలీలు. కిలోకి ఇంత అని మేస్త్రీ చేతి మీదుగా డబ్బులు తీసుకున్నారు. రోజు కూలి కింద లెక్కేస్తే కనీస వేతనం కంటే తక్కువ పడింది. అందరూ కలిసి వేతన కేసులు విచారించే అధికారి దగ్గర ఒకే దరఖాస్తు వేశారు, సాక్ష్యానికి తేదీ కూడా పడింది. ఇంకో వారం ఉందనగా గోడౌన్ తరఫు లాయరు వచ్చి, "రాజీ మాట్లాడుకుందాం, అప్పటిదాకా వాయిదా వేయిద్దాం" అన్నాడు.

ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు. 46 మంది కూలి మానుకుని ఒంగోలుకో నెల్లూరుకో తిరిగే బదులు నాలుగు సార్లు కూర్చుని తేల్చుకోవడమే చాలా కేసుల్లో మేలు. కానీ తేదీ ఒక్కటే రాసిన ఖాళీ వాయిదా మాత్రం ఇవ్వకండి. దాని వల్ల లాభం యజమానికే.

తెరపై: "ఇది ఎలాంటి కేసు?"

వ్యాఖ్యానం:
ఇలా గుంపుగా వేసే కేసుని క్లాస్ యాక్షన్ అనేస్తుంటారు, ఆ మాట అమెరికా కోర్టుల నుంచి వచ్చింది. అక్కడ ఒకరిద్దరు మొత్తం గుంపు తరఫున దావా నడుపుతారు. రాజీ కుదిరినా, అది అందరికీ న్యాయంగా ఉందని జడ్జి ఆమోదిస్తేనే చెల్లుతుంది. దావా నడుస్తున్నంత కాలం గుంపులో మిగతావాళ్లకి కేసు వేసే గడువు కూడా ఆగుతుందని అక్కడి సుప్రీంకోర్టు 1974లోనే తేల్చింది.

ఇక్కడ ఆ ధీమా పెట్టుకోవద్దు. సివిల్ కోర్టులో అలాంటిదే ఒకటుంది, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8. కోర్టు అనుమతితో కొందరు అందరి తరఫునా దావా వేయొచ్చు. అయితే వేతన బకాయిలకు సివిల్ దావా వేయకుండా వేతనాల కోడ్ (పాత వేతన చట్టాల బదులు వచ్చిన కేంద్ర చట్టం) సెక్షన్ 57 అడ్డుకుంటుంది. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లో ఉంది. మన దారి సెక్షన్ 45. ఒక సంస్థలో పనిచేసిన ఎంతమంది తరఫునైనా ఒకే దరఖాస్తు చాలు. కూలీలే వేసుకోవచ్చు, వాళ్లు సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ వేయొచ్చు, ఇన్‌స్పెక్టరూ వేయొచ్చు. గడువు మూడేళ్లు. పాత చట్టాల్లో కనీస వేతనాల క్లెయిముకు 6 నెలలు, వేతన చెల్లింపు క్లెయిముకు 12 నెలలే ఉండేది. ఆ తేదీకి ముందు వేసిన కేసులైతే దరఖాస్తు ఏ చట్టం కింద వేశారో ఒకసారి తీసి చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. దరఖాస్తుకు జత చేసిన జాబితాలో పేరున్నవాళ్లకే ఈ కేసు. పక్క షెడ్డులో పనిచేసి, "వాళ్లు వేశారుగా, మనకూ వస్తుందిలే" అని ఊరుకున్నవాళ్లకి గడువు కరిగిపోతూనే ఉంటుంది. రాజీ మాటలతో ఆరు నెలలు పోతే పాత సీజన్ బకాయి ఒకటి చేజారొచ్చు. అందుకని వాయిదాకి ఒప్పుకునే ముందే మిగిలిపోయిన పేర్లు చేర్చమని పిటిషన్ వేయండి.

తెరపై: తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు. మెమో పూర్తి పాఠం, నెమ్మదిగా పైకి జరుగుతుంది.

వ్యాఖ్యానం:
ఇద్దరూ సంతకం పెట్టి అధికారికి ఇచ్చే జాయింట్ మెమో ఇలా ఉండాలి. వినండి.

"ఉభయ పక్షాలు రాజీ ప్రయత్నం కోసం విచారణను ఫలానా తేదీకి వాయిదా వేయమని కోరుతున్నాయి. ఈ వాయిదాను ఏ ఒక్క పక్షం కోరినదిగా లెక్కించరాదు. నేటి నుంచి పది రోజుల్లో యజమాని హాజరు పుస్తకం, బట్వాడా రిజిస్టరు, తూకం చీటీలు, మేస్త్రీకి చేసిన చెల్లింపుల వివరాల నకళ్లు దరఖాస్తుదారులకు ఇస్తారు. అసలు పుస్తకాలను కేసు తేలేవరకు భద్రపరుస్తారు. మధ్యవర్తి ముందు మొదటి సమావేశం ఫలానా తేదీన. రాజీ కుదరని పక్షంలో వాయిదా తేదీన దరఖాస్తుదారుల మొదటి సాక్షి విచారణ మొదలవుతుంది. ఇదే కారణంతో మరో వాయిదా కోరము."

రెండో వాక్యం ఎందుకంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17 ప్రకారం విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలే. వేతన అధికారి ముందు ఆ లెక్క అంత గట్టిగా నడవకపోయినా, రేపు "కూలీలే సాగదీశారు" అనే మాట రాకుండా ఉంటుంది.

పుస్తకాల సంగతి ఇంకా ముఖ్యం. సీజన్ గోడౌన్లు చాలావరకు అద్దెవి. లీజు అయిపోయి ఖాళీ చేసేటప్పుడు హాజరు పుస్తకాలు చిత్తుకాగితాల్లో కలిసిపోతాయి. మాటలయ్యాక రికార్డులు చూపిస్తాం అంటే ఒప్పుకోవద్దు. రికార్డు చూడకుండా కూర్చునే రాజీ బేరమే తప్ప లెక్క కాదు.

తేదీ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. మధ్యవర్తిత్వ చట్టం 2023లో గడువు 120 రోజులు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో 60. అంటే 180 రోజులు. ఏప్రిల్లో ఒప్పుకుంటే అక్టోబరు! అప్పటికి మీ సాక్షులు ఏ ఊళ్లో ఉంటారో, గోడౌన్ ఎవరి చేతిలో ఉంటుందో. 45 నుంచి 60 రోజులకు మించి ఇవ్వొద్దు, అదీ గోడౌన్‌కి తాళం పడకముందు వచ్చేలా చూడండి. వేలం సాగుతున్నప్పుడే యజమాని చేతిలో డబ్బు ఆడుతుంది, కూలీలతో అతనికి అవసరమూ ఉంటుంది. సీజన్ అయ్యాక ఆ రెండూ ఉండవు. మధ్యవర్తి దగ్గర కూర్చునేది వేలం లేని రోజు పెట్టించండి, ఇద్దరికీ వీలవుతుంది.

పెద్దావిడ ఎవరైనా జబ్బుతో ఉన్నా, ముఖ్యమైన సాక్షి వలస పోతున్నా, వాళ్ల సాక్ష్యం మాత్రం ముందే నమోదు చేయమని అడగండి. కోర్టు పరిధి దాటి వెళ్లిపోయే సాక్షిని వెంటనే విచారించడానికి ఆర్డర్ 18 రూల్ 16 ఉంది. వాయిదా మిగతా విచారణకే.

తెరపై: పలక మీద లెక్క. 46 × 84 × 90 = 3,47,760. దాని కింద 46 × 60 × 90 = 2,48,400.

వ్యాఖ్యానం:
మన ఊహా కేసులో రోజుకు 90 రూపాయలు తక్కువ పడిందనుకుందాం. 84 రోజుల పని అని కూలీల మాట, 60 రోజులే అని గోడౌన్ మాట. తేడా 99,360 రూపాయలు. అసలు గొడవ ఇంతే! మిగిలిన 2,48,400 యజమాని కాదనని సొమ్ము. దాన్ని అధికారి దగ్గర జమ చేస్తేనే వాయిదాకి ఒప్పుకుంటాం అని అడగండి. నిజంగా రాజీ కావాలనుకునేవాడు కొంతైనా కడతాడు. పైసా కట్టనంటే అతనికి కావాల్సింది రాజీ కాదు, వాయిదానే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కనీస వేతనంలో కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. మార్చిలో చేసిన రోజులకి ఒక రేటు, ఏప్రిల్ నుంచి ఇంకో రేటు. ఇక్కడ సులువు కోసం ఒకే తేడా వేశాం. మీరు మాత్రం రోజుల్ని రెండు గళ్లుగా విడగొట్టి లెక్కేయాలి. అలా వేయకపోతే అవతలి లాయరు మొదటి కూర్చునే రోజే మీ కాగితం పక్కన పడేస్తాడు.

రోజులు ఎలా నిరూపించాలి? మేస్త్రీ జేబులో పెట్టుకునే చిన్న పుస్తకం అన్నిటికంటే గట్టి కాగితం, ఒప్పించి ఫోటో తీయించుకోండి. కూలీల్ని తీసుకెళ్లిన ఆటోవాడి లెక్క, మేస్త్రీ ఖాతాలో పడిన ఫోన్‌పే సొమ్ము, కూలీల పాస్ పుస్తకాలు, తూకం చీటీలు. అన్నీ ఉండాలని లేదు, రెండు మూడు కలిస్తే చాలు. ఇవ్వాల్సింది ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సిన భారం సెక్షన్ 59 కింద యజమానిదే. ఈ మాట మధ్యవర్తి దగ్గర మొదటే అనండి.

పరిహారం పది రెట్లు వస్తుందని కొందరు ఊరిస్తారు. సెక్షన్ 45లో పది రెట్ల "వరకు" అని ఉంది. అది పై హద్దు. బేరంలో గుర్తుచేయడానికి పనికొస్తుంది, దాని మీద అప్పు చేయడానికి కాదు.

తెరపై: వేలిముద్రల ప్యాడ్, పక్కన నాలుగు పేజీల ఇంగ్లీషు రాజీ పత్రం.

వ్యాఖ్యానం:
మాటలకు 46 మందీ వెళ్లక్కర్లేదు, నలుగురైదుగురు చాలు. సంతకానికి మాత్రం అందరూ కావాలి. యూనియన్ నాయకుడో మేస్త్రీయో అందరి తరఫునా ఒప్పేసుకుంటే ఆ రాజీ రేపు తిరగబడుతుంది. రూల్ 8 దావాల్లో అయితే ఆసక్తి ఉన్నవాళ్లందరికీ నోటీసు ఇవ్వకుండా, కోర్టు అనుమతి లేకుండా రాజీయే నమోదు కాదు. దరఖాస్తు కేసులోనూ అదే పద్ధతి పాటించండి. పత్రాన్ని తెలుగులో చదివి వినిపించాం, అర్థమైందన్నారు అని చివర రాయించి, ఒక్కొక్కరి సంతకమో వేలిముద్రో తీసుకోండి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లాంటి చోట ఒడిశా కూలీలు ఉంటారు, వాళ్లకి తెలుగులో చదివినా లాభం లేదు.

జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఆధార్ చివరి నాలుగంకెలు, రోజులు, సొమ్ము, బ్యాంకు ఖాతా నంబరు ఉండాలి. ఒకే ఊళ్లో ముగ్గురు లక్ష్మమ్మలు ఉంటారు మరి. మొత్తాన్ని తలా సమానంగా పంచేయడం తేలిక, కానీ 84 రోజులు చేసినామెకీ 30 రోజులు చేసినామెకీ ఒకటే వాటా ఇస్తే గొడవ ఆ రాత్రే మొదలవుతుంది. రోజుల లెక్కనే పంచండి.

తెరపై: పత్రంలో ఒక వాక్యం చుట్టూ ఎర్ర గీత: "ఇకపై ఎలాంటి క్లెయిములూ లేవు."

వ్యాఖ్యానం:
ఈ వాక్యం కనబడితే పెన్ను కింద పెట్టండి. ఇవాళ్టి కేసు వేతనాల తేడా గురించి. పీఎఫ్, బోనసు, గ్రాట్యుటీ వేరే. సీజన్ సంస్థల్లో అర్హత ఉన్నవాళ్లకి సీజనుకి 7 రోజుల వేతనం లెక్కన గ్రాట్యుటీ ఉంటుంది. ఆ వాక్యం చూపించి వాటిని ఎగ్గొట్టాలని చూస్తారు. "ఫలానా సీజన్ వేతనాల తేడా వరకు మాత్రమే" అని మార్పించండి.

ఇంకోటి. కనీస వేతనాన్ని వదులుకుంటున్నాం అని రాసిచ్చినా, సెక్షన్ 60 ప్రకారం ఆ మేరకు అది చెల్లదు. కనీస వేతనం ఇవ్వకుండా చేయించుకునే పని వెట్టిచాకిరీ కిందికే వస్తుందని ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. మరి రాజీలో తగ్గేది దేనిమీద? రోజుల మీద, పరిహారం మీద. రేటు మీద కాదు. 84కీ 60కీ మధ్య 75 రోజులకి ఒప్పుకోవచ్చు, అది వివాదం తేల్చుకోవడం. పత్రంలో అలాగే రాయండి.

"కేసు వెనక్కి తీసుకోండమ్మా, మర్నాడే డబ్బులిస్తా" అనేది పాత పాట. డబ్బు పడ్డాకే కేసు మూత. కిస్తీలుగా ఇస్తానంటే, ఒక్క కిస్తీ తప్పినా మిగతాదంతా వడ్డీతో ఒకేసారి కట్టాలని రాయించండి. మేస్త్రీ ఒక్కడే సంతకం పెడితే సరిపోదు, గోడౌన్ యజమాని కూడా పెట్టాలి. వచ్చే సీజన్‌లో ఇదే జాబితా ప్రకారం పనికి పిలవాలన్న షరతూ అడగండి. కొందరు యజమానులు లక్ష ఎక్కువైనా ఇస్తారు గానీ దీనికి ఒప్పుకోరు. ఎందుకో చెప్పక్కర్లేదు.

తెరపై: "లోక్ అదాలత్. హెల్ప్‌లైన్ 15100."

వ్యాఖ్యానం:
కుదిరిన రాజీని లోక్ అదాలత్‌లో అవార్డు, అంటే తీర్పు, చేయించుకోవచ్చు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం కోర్టులే కాదు, ఇలాంటి వేతన అధికారి ముందున్న కేసులు కూడా అక్కడికి పంపొచ్చు. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కాబట్టి జాబితాలో తప్పు ఉంటే సరిదిద్దుకోవడం కష్టం, ముందే రెండుసార్లు చదవండి. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, పారిశ్రామిక కార్మికులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

రాజీ కుదరలేదనుకోండి. లోపల ఎవరు ఎంతకి దిగారు, ఎవరు ఏం ఒప్పుకున్నారు అన్నది బయటికి రాదు, సాక్ష్యంగానూ పనికిరాదు. మధ్యవర్తి కుదరలేదని మాత్రమే రాసి పంపుతాడు. ఆ రోజు కోసం మొదటి సాక్షి అఫిడవిట్, రోజుల లెక్క కాగితం, ఫోటో తీసిన మేస్త్రీ పుస్తకం పేజీలు వాయిదాకి వారం ముందే మీ లాయరు ఫైల్లో ఉండాలి. అవతలివాళ్లు ఇంకో వాయిదా అడిగితే, మెమోలోని చివరి వాక్యం అధికారికి చూపించి సాక్షిని పిలవమనండి.