తిరగలి పిడిలో అలిఫ్

సభకు నమస్కారం.

సూఫీ బోధ ఒక్కో కాలంలో ఎలా కొత్త ఊపిరి పోసుకుందో చెప్పమన్నారు. గురుపరంపరల జాబితా చదివితే సగంమంది నిద్రపోతారు. అందుకని తిరగలి దగ్గర మొదలుపెడతాను.

17, 18 శతాబ్దాల్లో బిజాపూరు ప్రాంతపు సూఫీలు దక్కనీలో, అంటే దక్కన్ ప్రాంతపు ఉర్దూలో, చక్కీనామాలు కట్టారు. చక్కీ అంటే తిరగలి. తెల్లవారకముందే లేచి విసురుకునే ఆడవాళ్లు పాడుకోవడానికి కట్టిన పాటలవి. వాటిలో తిరగలి పిడిని అరబ్బీ అక్షరం అలిఫ్‌తో పోల్చారు. నిట్టనిలువు గీతలాంటి ఆ అక్షరంతోనే అల్లాహ్ పేరు మొదలవుతుంది. పిడి పట్టి తిప్పినంతసేపూ ఆమె గుప్పిట్లో ఉండేది ఆ అక్షరమే! ఖాన్‌ఖాహ్‌లో, అంటే సూఫీల మఠంలో, కూర్చుని జిక్ర్ (దైవనామ స్మరణ) చేసే తీరిక ఆమెకెక్కడిది? జిక్రే పిండి రాలే చోటికి వచ్చింది. రాట్నం తిప్పేవారికి చర్ఖానామాలు ఉండేవి.

ఆ మాటకొస్తే బోధను ఇలా మామూలు జనం దగ్గరికి తెచ్చే పని ఇస్లామీయ పండితుడు ఘజాలీ ఎప్పుడో చేశాడు. 1095లో బాగ్దాదు నిజామియా విద్యాలయంలో పాఠం చెప్పబోతే ఆయనకు నోట మాట పెగల్లేదు, గుటక దిగలేదు. వైద్యులు చేతులెత్తేశారు. కొలువు వదిలి వెళ్లిపోయాడు. తర్వాత అరబ్బీలో రాసిన మహాగ్రంథం పేరులోనే ‘ఇహ్యా’ ఉంది, అంటే తిరిగి బతికించడం. అయితే నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది మరొకటి: అదే సారాన్ని కుదించి, అరబ్బీ రానివారి కోసం తానే పారశీకంలో ‘కీమియా-ఎ-సఆదత్’ రాశాడు. పండితులకు ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు.

ఢిల్లీలో 1356లో సూఫీ గురువు చిరాగ్ దెహ్లీ కన్నుమూసినప్పుడు, గురువుల నుంచి సంక్రమించిన అంగీ, చేతికర్ర వంటివి ఎవరికీ ఇవ్వకుండా ఆయనతోపాటే సమాధి చేశారు. అంగీ మట్టిలో కలిసినా బోధ ఆగలేదు. 1398లో తైమూరు ముంచుకొస్తుంటే ఆయన శిష్యుడు గేసూదరాజ్, మనం బందేనవాజ్ అని పిలుచుకునే ఆయన, దక్షిణానికి బయలుదేరాడు. అప్పటికే డెబ్బై ఐదు దాటిన ముసలాయన! చివరికి గుల్బర్గాలో స్థిరపడ్డాడు. తిరగలి పాటలకు నేల అలా సిద్ధమైంది.

తెలుగులో చూడాలంటే పిఠాపురం వెళ్లాలి. సూఫీ గురువుల వంశంలో పుట్టిన ఉమర్ అలీషా (1885–1945) ఛందోబద్ధంగా తెలుగు పద్యం రాశాడు, ఉమర్ ఖయ్యామ్‌ను పారశీకం నుంచి తెలుగు చేశాడు. అక్కడ ఖాన్‌ఖాహ్ అనరు, పీఠం అంటారు. గురువును ముర్షిద్ అనరు, పీఠాధిపతి అంటారు.