రాయికీ రిబ్బనుకీ మధ్య ఇరవై ఏళ్లు

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు, విజయవాడ, విశాఖ, శ్రీకాకుళం మీదుగా పైకి పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఉంది కదా. ఆ దారినే పోయి కోనా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే హౌరా దాటి కలకత్తాలోకి దించేది హుగ్లీ నది మీది ఒక తీగల వంతెన. పేరు విద్యాసాగర్ సేతు. రెండో హుగ్లీ వంతెన అన్నా అదే. మన దుర్గం చెరువు మీద, కరీంనగర్ మానేరు మీద చూస్తున్నామే, ఆ జాతిదే. కాకపోతే చాలా పెద్దది. పొడవు 823 మీటర్లు. అందులో రెండు పెద్ద స్తంభాల నడుమ 457 మీటర్ల మేర నీళ్లలో ఒక్క దిమ్మె కూడా ఉండదు.

దీనికి 1972 మే 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 అక్టోబర్ 10న ప్రధాని హోదాలో వెళ్లి ప్రారంభించింది మన పి.వి. నరసింహారావు. ఈ మధ్యలో మొరార్జీ వచ్చారు, చరణ్ సింగ్ వచ్చారు, ఇందిర మళ్లీ వచ్చారు. తర్వాత రాజీవ్, వి.పి. సింగ్, చంద్రశేఖర్. రాయి పడిన రోజు పుట్టిన పిల్లవాడు వంతెన ఎక్కేనాటికి డిగ్రీ చదువుతుంటాడు.

దానికి కాస్త ఎగువనే హౌరా వంతెన ఉంది. 1943లో తెరిచారు. యుద్ధం రోజుల్లో, బాంబుల భయం మధ్య కట్టినా ఇంత కాలం పట్టలేదు. తమాషా ఏమిటంటే దాని నడిమి దూరం కూడా ఇంచుమించు ఆ 457 మీటర్లే! మరి స్వతంత్ర దేశంలో ఇరవై ఏళ్లెందుకు అని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

కానీ ఈ ఇరవై ఏళ్లను ఒకే గాటన కట్టకూడదు. అసలు పని మొదలైంది 1979 జూలై 3న. అంటే రాయి వేసిన తర్వాత ఏడేళ్లు ఆ రాయే మిగిలింది. నన్నడిగితే తిట్టాల్సింది ఆ ఏడేళ్లను. తర్వాతి పదమూడేళ్ల సంగతి వేరు. అవీ ఎక్కువే, కాదనను. అయితే ఇంత పెద్ద తీగల వంతెన మన దేశంలో అప్పటిదాకా ఎవరూ కట్టలేదు.

ఎలా కడతారో చూడండి. ముందు స్తంభాలు లేపుతారు. అక్కడి నుంచి రోడ్డును ముక్క ముక్కగా నది మీదికి జరుపుకుంటూ పోతారు. ఒక ముక్క బిగించి, పైనుంచి తీగ తెచ్చి దానికి కట్టి, లెక్క ప్రకారం లాగి, ఆ తర్వాతే ఇంకో ముక్క. ఒక తీగ బిగిస్తే పక్క తీగల మీద బరువు మారుతుంది. మళ్లీ లెక్క చూసుకోవాలి. కాలువ సగం తవ్వితే సగం ఊళ్లకైనా నీళ్లు పారతాయి. ఈ వంతెన నడిమి ముక్క పడేదాకా సైకిలు కూడా దాటదు.

దీని రూపకల్పన జర్మన్ ఇంజినీరు యోర్గ్ ష్లైష్ బృందానిది. ఆయన చేసిన పని నాకు భలే నచ్చుతుంది. తన దేశంలో లాగా అంతా వెల్డింగుతో చేయాలని పట్టుబట్టలేదు. ఇక్కడ దొరికే ఉక్కేమిటి, ఇక్కడి పనివాళ్ల చేతికి అలవాటైన పనేమిటి అని చూసి, రివెట్లతో, అంటే కొట్టి బిగించే ఉక్కు మేకులతో, ఉక్కు దూలాలు బిగించి పైన కాంక్రీటు పలకలు వేసేలా గీశారు. రివెట్లు కొట్టడం కలకత్తాకు కొత్త కాదు. హౌరా వంతెన నిండా అవే. ఉక్కు పని చేసిన బి.బి.జె. సంస్థకు హౌరా వంతెన అనుభవం ఉండనే ఉంది.

చివరికి ఖర్చు 388 కోట్లు అయింది. తీరా తెరిచాక ఇంకో తంటా. వంతెన ఉంది, దానికి తగ్గ దారులు పూర్తిగా లేవు. ఇందాక చెప్పిన కోనా ఎక్స్‌ప్రెస్‌వే ఆ తర్వాత వచ్చిందే. అది వచ్చాకే హైవే బండ్లకు వంతెన సరిగ్గా అందింది.

ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటింది. తీగలకు మరమ్మతులు వచ్చాయి. కొత్తవి వేసేందుకు 2023 నుంచి రోడ్డులో కొన్ని వరసలు మూసి, మిగతా వాటి మీద బండ్లు వదులుతూ పని చేస్తూ వచ్చారు. రోజుల తరబడి పూర్తిగా మూసేద్దామంటే కుదరదు. ఇరవై ఏళ్లు ఈ వంతెన లేకుండానే గడిపిన ఊరు, ఇప్పుడు రెండు వరసలు మూసినా హారన్లు మోగిస్తోంది.