సంపు చివర్లో కడగాలి: బడి తెరిచేలోపు చేయాల్సిన పనులు

యాంకర్: నమస్తే. బెజవాడలో ఎండలు ముదిరాయి, బడులకు సెలవులిచ్చేశారు. రంగులు, రేకులు, ట్యాంకుల పనులన్నీ ఇప్పుడే పెట్టుకుంటారు. బడి భవనాల పారిశుధ్యం చూసే ఇంజినీరు గారు మనతో ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

ఇంజినీరు: పైనుంచి కిందికి రావాలండీ. మొదట పైకప్పు, తర్వాత గోడలు, ఆ తర్వాత మరుగుదొడ్లు, అన్నిటికీ చివర ట్యాంకు, సంపు. చాలాచోట్ల ట్యాంకు ముందే కడిగించేస్తారు. ఆనక గోడలు గీకిస్తే ఆ దుమ్మంతా మూత సరిగా పట్టని ట్యాంకులోకే చేరుతుంది.

యాంకర్: పైకప్పు అంటే, వంట షెడ్ల మీద, సైకిల్ స్టాండుల మీద ఇంకా పాత సిమెంటు రేకులే కనిపిస్తాయి.

ఇంజినీరు: వాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. రేకు చెక్కుచెదరకుండా ఉంటే దాని జోలికి పోవద్దు. పగలగొట్టినా, డ్రిల్లు వేసినా, కటింగ్ మిషన్ పెట్టినా కంటికి కనపడని నార గాల్లో కలుస్తుంది. పీలిస్తే ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది, జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. పాచి పట్టిందని వైరు బ్రష్షుతో రుద్దించడం మరీ చెడ్డ పని. మార్చక తప్పదంటే నీళ్లతో బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకు విరగకుండా దించి, మందపాటి పాలిథిన్‌లో చుట్టాలి. ఆ ముక్కల్ని గుంతలు పూడ్చడానికి మాత్రం ఇవ్వకండి.

యాంకర్: రంగుల సంగతి?

ఇంజినీరు: ఇళ్లకు, భవనాలకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకుముందు కిటికీ చువ్వలకు, తలుపులకు, బెంచీలకు వేసిన ఎనామిల్‌లో సీసం ఉందనే అనుకోవాలి. పొడి సాండ్ పేపరు, మంటతో కాల్చి గీకడం రెండూ వద్దు. తడిపి రుద్దాలి, కింద పట్టా పరవాలి, చివర్లో చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవాలి.

గోడలో నిమ్ము ఉండగానే రంగేస్తే బూజు మళ్లీ వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో నానిన సింగ్‌నగర్ వైపు గోడల్లాంటివైతే ఇది తప్పనిసరిగా చూసుకోవాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. గోడ వైపు చెమ్మ పట్టిందంటే ఇంకా ఆరలేదు. కారే పైపు ఏదో ముందు చూడాలి, పుట్టీ తర్వాత.

యాంకర్: మరుగుదొడ్లు ఆయాలే కడుగుతారు కదా.

ఇంజినీరు: వాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్పాలండీ. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ చల్లకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న గదిలో ఊపిరాడదు. రెండు డబ్బాలూ ఒకే అలమరలో పెట్టకూడదు.

యాంకర్: ఇక సంపు.

ఇంజినీరు: మునిసిపల్ నీళ్లు కొన్ని గంటలే వస్తాయి. సరఫరా ఆగాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. మురుగుకాలువ పక్కన పైపుకు చిల్లుంటే అప్పుడే మురుగు లోపలికి లాగుతుంది, మర్నాడు అది మన సంపులోకి వస్తుంది. అందుకే కడిగే ముందు ఇన్‌లెట్ పైపు, మూత అంచు బాగున్నాయా, ఓవర్‌ఫ్లో పైపుకు దోమతెర ఉందా లేదా చూడాలి. మూత చుట్టూ గట్టు నేలకంటే అరడుగైనా పైకి ఉండాలి.

మనిషి దిగే ముందు మూతలన్నీ తీసి కొన్ని గంటలు గాలి ఆడనివ్వాలి, వీలైతే బ్లోయర్ పెట్టాలి. పెట్రోలు పంపు మూత దగ్గర నడపకూడదు, ఆ పొగ లోపలికి దిగుతుంది. నడుముకు తాడు, పైన ఇద్దరు ఉండాలి. లోపల మనిషి సొమ్మసిల్లితే కాపాడాలని ఇంకొకరు దూకకూడదు. అలా దూకే రెండో మనిషి కూడా పోతాడు. తాడుతోనే లాగాలి.

యాంకర్: కడిగాక బ్లీచింగ్ ఎంత?

ఇంజినీరు: కొత్త బ్లీచింగ్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. తెరిచి ఉంచిన సంచిలో తగ్గిపోతుంది కాబట్టి 25 శాతం లెక్క వేసుకుందాం. 5,000 లీటర్ల సంపును నీటితో నింపి శుద్ధి చేయడానికి లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి, అంటే కిలో పౌడరు. దాన్ని బకెట్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే, మనిషి బయట ఉండి పోయాలి. ఆ నీటినే ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, ప్రతి కుళాయిలో క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి రాత్రంతా ఉంచాలి. పైపులు కూడా శుద్ధి కావాలంటే అదే దారి. ఆ రాత్రి కుళాయిలకు ‘తాగరాదు’ అని రాసి కట్టండి. మర్నాడు అంతా వదిలేసి మంచినీళ్లు పట్టాలి.

యాంకర్: బడి తెరిచాక రోజూ వేయాలా?

ఇంజినీరు: ముందు కొలవాలి. సంపుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి దగ్గర ఓటీ ద్రావణంతో చూడండి, అంటే ఆర్థోటోలిడిన్, క్లోరిన్ ఉన్న నీటిని పసుపు చేసే ద్రావణం. వెంటనే పసుపు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. నిమిషాలు గడిచాక వచ్చే పసుపును లెక్కలోకి తీసుకోవద్దు, అది నీటిలో మలినంతో కలిసిపోయిన క్లోరిన్. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉంటే ఏమీ కలపక్కర్లేదు. లేకపోతే వెయ్యి లీటర్లకు 4 గ్రాముల పౌడరు, అదీ పైతేటే, పోసి గంట ఆగి మళ్లీ కొలవాలి. కొలిచిన నీళ్లు పారబోయాలి, పిల్లలకు అందనివ్వకూడదు.

యాంకర్: ఆర్వో ప్లాంటు ఉన్న బడుల్లో ఈ బాధ లేదంటారు.

ఇంజినీరు: అక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలండీ. ఆర్వో నీళ్లలో క్లోరిన్ మిగలదు. ఆ నీళ్లు స్టీలు ట్యాంకులో రెండు మూడు రోజులు నిలిస్తే క్రిములు పెరగకుండా ఆపేదేమీ ఉండదు. శనివారం సాయంత్రం ఖాళీ చేసి మూత పెట్టండి. సోమవారం పొద్దున్నే కడిగి, పిల్లలు వచ్చేలోపు కొత్తగా పట్టండి.