డిగ్రీ రూల్స్ రాసే గది

శ్రోతలకు నమస్కారం.

డిగ్రీ చదివే పిల్లలున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినపడే మాట ఒకటుంది: "రూల్స్ ఒప్పుకోవట." అటెండెన్స్ చాలలేదని పరీక్ష రాయనివ్వకపోయినా, బ్యాక్‌లాగులు ఎక్కువయ్యాయని పై సంవత్సరానికి పంపకపోయినా, సబ్జెక్టు మార్చుకునే గడువు దాటిపోయిందన్నా, కౌంటర్ దగ్గర చివరికి చెప్పేది ఇదే. ఆ రూల్స్ ఆకాశం నుంచి ఊడిపడ్డవి కావు. ఒక గదిలో కొందరు అధ్యాపకులు కూర్చుని, వాదించుకుని, ఓట్లేసి, మీటింగ్ మినిట్స్‌లో రాయించినవే. ఇవాళ ఆ గది గురించి మాట్లాడతాను.

ఒక్కో విశ్వవిద్యాలయంలో ఈ కమిటీకి ఒక్కో పేరు. కొన్నిచోట్ల అకడమిక్ కౌన్సిల్ అంటారు, కొన్నిచోట్ల సెనేట్ కింద డిగ్రీ చదువుల కోసమే ఒక ఉపసంఘం ఉంటుంది. ఏ పాఠం ఎలా చెప్పాలన్నది ఆయా శాఖలు చూసుకుంటాయి. అన్ని శాఖలకూ కలిపి వర్తించేవి కమిటీ ముందుకు వస్తాయి: పట్టా చేతికి రావాలంటే ఎన్ని క్రెడిట్లు (పాసైన కోర్సులకు జమయ్యే పాయింట్లు) కావాలి, గ్రేడు ఎలా లెక్కకట్టాలి, కాపీ కొట్టి దొరికితే ఏంచేయాలి, మధ్యలో చదువు ఆపినవాళ్లు మళ్లీ ఎలా చేరాలి. ఈ పని అధ్యాపకుల చేతిలోనే ఎందుకుండాలి అంటే, చదువు నాణ్యత తెలిసింది వాళ్లకే కనుక. అమెరికాలో ఆచార్యుల సంఘం, విద్యా మండలి, పాలకమండళ్ల సంఘం మూడూ కలిసి 1966లో తయారుచేసిన ప్రకటన కూడా ఈ మాటే చెప్పింది. పాఠ్యక్రమం, బోధన పద్ధతి విషయంలో ప్రధాన బాధ్యత అధ్యాపకులదేనని రాసుకున్నారు.

సరే, అధికారం ఉంది. మరి అధ్యాపకులు రాసిన రూలు ప్రతిసారీ అనుకున్న ఫలితమే ఇస్తుందా? అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో జరిగింది చూడండి. అందరికీ ఎ గ్రేడులే వస్తున్నాయి, ఇక గ్రేడుకి విలువేముంది అని అక్కడి అధ్యాపకులకు బెంగ పట్టుకుంది. నిజమైన బెంగే. 2004లో ఓటేసి ఒక లెక్క పెట్టుకున్నారు. ప్రతి శాఖలోనూ మామూలు కోర్సులకిచ్చే గ్రేడుల్లో ఎ శ్రేణివి 35 శాతం లోపే ఉండాలి. అది శాఖ మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం మాత్రమే, ఒక్కో క్లాసుకి కోటా కాదు. కానీ క్లాసులో కూర్చున్న పిల్లలకి అది కోటాగానే అర్థమైంది. ఎంత బాగా రాసినా నాకు ఎ రాదేమో, పక్కవాడికి వస్తే నాది పోతుందేమో అన్న టెన్షన్ మొదలైంది. పదేళ్ల తర్వాత ఒక కమిటీ కూర్చుని దీన్ని మళ్లీ పరిశీలించింది. ఈ లక్ష్యాలను కోటాలుగా పొరబడుతున్నారని, విద్యార్థుల మీద అనవసరమైన ఒత్తిడి పడుతోందని తేల్చింది. 2014లో అధ్యాపకులే మళ్లీ ఓటేసి ఆ లెక్కను తీసేశారు. గ్రేడులివ్వడంలో ఏ కొలమానాలు పాటించాలో శాఖలే నిర్ణయించుకోమన్నారు.

ఈ ఉదంతంలో నాకు నచ్చింది ఏమిటంటే, వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. రూలు పెట్టినప్పుడున్న పట్టుదలే దాన్ని తీసేసేటప్పుడూ చూపించారు. ఇది చాలా తక్కువ చోట్ల జరుగుతుంది. రూలు ఒకసారి పుస్తకంలోకి ఎక్కితే, అది ఎవరికి మేలు చేసింది, ఎవరిని ముంచింది అని అడిగే నాథుడుండడు.

అసలు ఆ లెక్క తెలుసుకోవడానికి కమిటీ ఎక్కడికో పోనక్కర్లేదు. తన బల్ల మీదికొచ్చే అర్జీలు చూస్తే చాలు. అలాంటి అర్జీ ఒకటి ఎలా ఉంటుందో చెబుతాను. ఒక్క పేజీ ఫారం. పైన పేరు, రోల్ నంబరు. ఏ రూలు నుంచి మినహాయింపు కావాలో రాయడానికి ఒక గడి. కారణం రాయడానికి నాలుగు గీతలు. అడుగున సలహాదారు సంతకం. ఆ నాలుగు గీతల్లో ఒక అమ్మాయి తన ఏడాదంతా కుదించి రాస్తుంది: రెండో సెమిస్టర్‌లో లెక్కల పేపరు పోయింది, అది పాసైతేగానీ తర్వాతి పేపరు ఇవ్వరు, ఆ తర్వాతి పేపరు ఏడాదికి ఒక్కసారే చెబుతారు, కాబట్టి ఒక్క పేపరుకి ఒక సంవత్సరం ఆగాలి, రెండూ కలిపి చదువుకోనివ్వండి. కమిటీ జాలిపడి ఒప్పుకుంటుంది. మర్నాడు ఇంకొకరు అదే అడుగుతారు. వాళ్లకీ ఇస్తుంది. ఏటా ఇంతమందికి ఒకే మినహాయింపు ఇస్తూ పోతున్నామంటే తప్పు పిల్లల్లో ఉందా, రూలులో ఉందా? ఇక్కడే కమిటీ ఒక్క క్షణం ఆగాలి. ఆ పేపరు రెండు సెమిస్టర్లలోనూ చెప్పిస్తే ఆ అర్జీలే రావు.

నన్ను ఇంకా బాధపెట్టే సంగతి ఒకటుంది. అర్జీ పెట్టుకోవచ్చని తెలిసినవాళ్లే పెట్టుకుంటారు. ఇంట్లో ఇంతకుముందు కాలేజీ మెట్లెక్కినవాళ్లుంటే, "ఆఫీసుకెళ్లి అడుగు, డీన్‌ని కలువు" అని చెబుతారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీకొచ్చిన పిల్లాడికి ఆ మాట చెప్పేవాళ్లెవరు? కౌంటర్ దగ్గర కుదరదంటే కుదరదనే అనుకుని, ఏ కాగితమూ పెట్టకుండా ఇంటికెళ్లిపోతాడు. అతని పేరు అర్జీల ఫైల్లో ఉండదు, మానేసినవాళ్ల జాబితాలో ఉంటుంది. అందుకే కమిటీ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలంటాను. ఏ రూలు దగ్గర ఎంతమంది మినహాయింపు అడిగారు, అదే రూలు దగ్గర ఎంతమంది మాట్లాడకుండా వెళ్లిపోయారు అన్నది ఏటా ఒక్కసారైనా ఎజెండాలో ఉండాలి. ఆ గదిలో విద్యార్థులకు కూడా కుర్చీ ఉండాలి, ఓటుతో సహా.

నాణ్యత తగ్గిపోదా అని అడుగుతారు. కాపీ విషయంలో, పరీక్ష ప్రమాణం విషయంలో కమిటీ గట్టిగానే ఉండాలి, అందులో నాకు సందేహం లేదు. చదువు రాని చేతికి పట్టా ఇస్తే, చదివి తెచ్చుకున్నవాళ్ల పట్టా కూడా పలచబడుతుంది. అయితే ఫారం ఇవ్వాల్సిన తేదీ రెండు రోజులు దాటడానికీ, చదువు ప్రమాణానికీ సంబంధం లేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

డిగ్రీ చదువుతున్నవాళ్లకూ, వాళ్ల తల్లిదండ్రులకూ కొన్ని మాటలు. చేరిన సంవత్సరంలో అమల్లో ఉన్న నియమావళి కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. చాలా విశ్వవిద్యాలయాల్లో మధ్యలో రూల్స్ మారినా మీకు వర్తించేది అదే. ఎవరైనా "రూల్స్ ఒప్పుకోవు" అంటే ఏ నంబరు రూలో మర్యాదగా అడగండి. అర్జీ పెడితే నకలు మీద తేదీ వేయించుకోండి. కాదంటే కారణం కాగితం మీద రాసివ్వమనండి, అప్పీలు ఎవరికి చేసుకోవాలో, ఎన్ని రోజుల్లోపు చేసుకోవాలో అప్పుడే కనుక్కోండి. ఆ గడువు చాలాచోట్ల కొద్ది రోజులే ఉంటుంది.

నమస్కారం.