సిరా మరకల పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చు?

[తెరపై: రెండు వైపులా ఒకేలా ఉన్న నల్లటి సిరా మరక]

నమస్కారం. సిరా మరకలున్న కార్డులు చూపి, వాటిలో ఏం కనిపిస్తోందో అడిగి, ఆ జవాబులను బట్టి మనస్తత్వాన్ని అంచనా వేసే పరీక్ష ఇది. టెట్, డీఎస్సీలకు సైకాలజీ చదివినవారికి ఈ పరీక్ష బాగా గుర్తుంటుంది: హెర్మన్ రోర్షాక్, స్విట్జర్లాండ్, 1921, మొత్తం 10 కార్డులు. బిట్ ప్రశ్నకు ఈ వివరాలు చాలు. కానీ ఒక మనిషికి ఏ చికిత్స ఇవ్వాలో నిర్ణయించే నివేదికలో ఈ పరీక్ష ఫలితం కనిపించినప్పుడు, ఆ ఫలితం ఎంత నిలకడైనదో తప్పనిసరిగా అడగాలి. ఆ నిలకడనే విశ్వసనీయత అంటాం. కొలవదలచుకున్నదాన్నే పరీక్ష కొలుస్తోందా అనేది సప్రమాణత. అది దీని తరువాత వచ్చే ప్రశ్న.

ఈ పరీక్షను వివరించిన తన గ్రంథం 1921లో వెలువడిన మరుసటి ఏడాదే రోర్షాక్, 37 ఏళ్ల వయసులో మరణించారు. ఆ తరువాత అమెరికాలో ఐదు వేర్వేరు మూల్యాంకన పద్ధతులు పుట్టుకొచ్చాయి. వాటిని పోల్చి చూసిన జాన్ ఎక్స్‌నర్, 1974లో ఒక సమగ్ర పద్ధతిని ప్రకటించారు.

[తెరపై: ఐదో కార్డును పోలిన బొమ్మ]

ఐదో కార్డు చూసి ఒకరు "ఎగురుతున్న గబ్బిలం" అన్నారనుకుందాం. గబ్బిలం దేనికి సంకేతమో ఆలోచించడం ఈ పద్ధతిలో మొదటి పని కాదు. మరక మొత్తాన్నీ వాడుకున్నారు, జంతువు కదలికను చూశారు, చెప్పిన ఆకారం మరకకు సరిపోతోంది, ఎక్కువ మంది చెప్పే జవాబే ఇది అని పరీక్షకుడు సంకేతాక్షరాల్లో నమోదు చేస్తాడు. అన్ని జవాబుల సంకేతాలనూ లెక్కగట్టి సూచికలు తయారుచేస్తారు. కాబట్టి అదే జవాబుకు మరో పరీక్షకుడు కూడా అవే సంకేతాలు ఇస్తాడా అనేది విశ్వసనీయతకు తొలి పరీక్ష.

ఇక్కడ శాతాలు మనల్ని మోసగించగలవు. అరుదైన ఒక సంకేతాన్ని 100 జవాబుల్లో మొదటి పరీక్షకుడు ఐదింటికి, రెండో పరీక్షకుడు వేరే ఐదింటికి ఇచ్చారనుకోండి. ఆ సంకేతం ఉందన్న ఒక్క జవాబు విషయంలోనూ వారికి ఏకాభిప్రాయం లేదు. అయినా మిగిలిన 90 జవాబుల్లో అది లేదని ఇద్దరూ అన్నారు కనుక "90 శాతం ఏకీభావం" అని రాసుకోవచ్చు. అందుకే యాదృచ్ఛికంగా కుదిరే ఏకీభావాన్ని తీసివేసి లెక్కించే కప్పా గుణకాన్ని పరిశోధకులు కోరతారు. జేమ్స్ వుడ్, ఆయన సహచరులు 1996లో సమగ్ర పద్ధతిపై చేసిన విమర్శల్లో ఇది ముఖ్యమైనది, నా దృష్టిలో పూర్తిగా న్యాయమైనది కూడా.

రెండో చిక్కు జవాబుల సంఖ్యది. ఒకరు 15 జవాబులు, మరొకరు 40 జవాబులు చెబితే, రెండో వ్యక్తికి దాదాపు ప్రతి సంకేతమూ ఎక్కువసార్లు పడుతుంది. అది మనస్తత్వంలోని తేడా కాకుండా మాటకారితనంలోని తేడా కావచ్చు. లీ క్రాన్‌బాక్ 1949లోనే ఈ గణాంక దోషాన్ని చర్చించారు. వేన్ హోల్ట్జ్‌మన్ 1961లో దీనికి చక్కని పరిష్కారం చూపారు: 45 మరకలు, ఒక్కోదానికి ఒక్కటే జవాబు, పైగా రెండు సమాన రూపాలు. రెండో రూపం ఉండటం వల్ల, పాత జవాబులను గుర్తుపెట్టుకుని అప్పజెప్పే అవకాశం లేకుండా పునఃపరీక్ష జరపవచ్చు. ఇంత జాగ్రత్తగా రూపొందించిన పరీక్షకు రోర్షాక్ కార్డులంత ఆదరణ దక్కకపోవడం విచారకరం. జవాబుల సంఖ్యను అదుపులో ఉంచే నియమాలు 2011లో వచ్చిన ఆర్-పాస్ అనే కొత్త మూల్యాంకన పద్ధతిలో రోర్షాక్ కార్డులకూ చేరాయి.

సంకేతాలు నిలకడగా ఉన్నా, పోల్చే ప్రమాణాలు సరిగా లేకపోతే ఫలితం చెడుతుంది. ఆ ప్రమాణాల కోసం ఎక్స్‌నర్ వాడిన 700 మంది నమూనాలో 221 రికార్డులు రెండోసారి చేరినవేనని 2001లో వెల్లడైంది.

[తెరపై: 1999, 2013, 2015]

మనస్తత్వవేత్త హోవర్డ్ గార్బ్ 1999లో ఈ పరీక్ష వాడకాన్ని తాత్కాలికంగా నిలిపివేయాలని కోరారు. 2013లో జోనీ మిహురా బృందం 65 సూచికలపై వచ్చిన పరిశోధనలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. ఆలోచనా క్రమంలోని అస్తవ్యస్తతను, గ్రహణ లోపాలను చూపే సూచికలకు బలమైన ఆధారాలు దొరికాయి. మరికొన్నింటికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయి, లేదా అసలు లేవు. 2015లో గార్బ్, వుడ్ తదితర విమర్శకులు ఆ మొదటి రకం సూచికల వరకు తమ అభ్యంతరాన్ని ఉపసంహరించుకున్నారు. మిగిలిన వాటిపై మాత్రం వెనక్కి తగ్గలేదు. అందువల్ల "రోర్షాక్ పరీక్షలో తేలింది" అని మాత్రమే ఉన్న నివేదిక మీ చేతికి వస్తే, ఏ సూచిక ఆధారంగా, ఏ పద్ధతిలో, ఎవరి ప్రమాణాలతో పోల్చి ఆ మాట రాశారో ఆ నిపుణుడిని నేరుగా అడగండి.