గుట్టుకయ్యే ఖర్చు

(ప్రపంచ ఎయిడ్స్ దినం సందర్భంగా డిసెంబరు 1న పాలకొల్లులో పొదుపు సంఘాల లీడర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఇంట్లో పని తెముల్చుకుని ఇంత పొద్దున్నే వచ్చిన లీడర్లకు నమస్కారం.

హెచ్ఐవీ గురించి చెప్పడానికి డాక్టరుగారిని కాకుండా రిటైరైన బ్యాంకు మనిషిని ఎందుకు పిలిచారా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. డాక్టర్లు చెప్పాల్సింది వాళ్లు బాగానే చెబుతున్నారు. నేను అప్పుల సంగతి చెప్పడానికి వచ్చాను. నా సర్వీసులో ఎక్కువ భాగం గోదావరికి ఈ ఒడ్డున, ఆ ఒడ్డున ఉన్న బ్రాంచీల్లోనే గడిచింది. ఇప్పుడు పాజిటివ్‌గా ఉన్నవాళ్లు పెట్టుకున్న ఒక చిన్న సంఘానికి లెక్కలు రాసిపెడుతున్నాను. ఆ లెక్కలు చూస్తే తెలిసిందేమిటంటే, ఈ జబ్బుకి మందు ఉచితం. జబ్బుని దాచుకోవడమే ఖరీదు.

ముందు మందు సంగతి గబగబా చెప్పేస్తాను. మన దేశంలో ఈ వైరస్‌ని మొదట గుర్తించింది 1986లో, మద్రాసులో. ఆ తర్వాత చాలా ఏళ్లు మందు డబ్బున్నవాళ్లకే. మూడు మందుల కోర్సుకి ఏడాదికి పదివేల డాలర్ల పైమాటగా ఉన్న రోజుల్లో, 2001లో మన సిప్లా కంపెనీ దాన్ని 350 డాలర్లకు ఇస్తానని ముందుకొచ్చింది. అది కూడా మన కూలివాళ్లకి అందే ధర కాదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి రక్తంలో రోగంతో పోరాడే సీడీ4 కణాలు ఎన్నున్నాయని చూడకుండా, పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకి ఒక్కటే మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్, మూడూ అందులోనే.

మానకుండా వేసుకుంటే కొన్ని నెలల్లో వైరస్ పరీక్షకి దొరకనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి, తగ్గినట్టే ఉన్న మనిషి నుంచి శారీరక సంబంధం వల్ల ఇంకొకరికి అంటదు. ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న మాట. పాజిటివ్ తల్లి మందు సక్రమంగా వాడి, పుట్టిన బిడ్డకి సిరప్ పోయిస్తే, నూటికి తొంభై అయిదు మందికి పైగా పిల్లలు నెగటివ్‌గానే ఉంటారు.

మానేసి మళ్లీ మొదలుపెడితేనే చిక్కు. వరికి దోమ పట్టినప్పుడు సగం మోతాదు మందు కొడితే ఏమవుతుందో మీ ఇళ్లలో మగాళ్లని అడగండి. చావని దోమ మొండికెక్కుతుంది, ఆ తర్వాత ఆ మందు పని చేయదు. ఇక్కడా అంతే.

2021 అంచనాల ప్రకారం దేశం మొత్తం మీద సుమారు 24 లక్షల మంది ఈ వైరస్‌తో బతుకుతున్నారు. అందులో మూడు లక్షలకు పైగా మన రాష్ట్రంలోనే. మహారాష్ట్ర తర్వాత మనమే. కాబట్టి మా ఊళ్లో అలాంటివాళ్లు ఎవరూ లేరండి అని ఎవరైనా అంటే, ఉన్నవాళ్లు వాళ్లకి చెప్పలేదని అర్థం.

ఇప్పుడు ఒకామె సంగతి. పేరూ ఊరూ చెప్పను. రొయ్యల ఒలుపు షెడ్డులో పని చేస్తుంది. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. ఒక ఏడు ఆమెకి టీబీ వచ్చింది. హెచ్ఐవీ ఉన్నవాళ్లని ఎక్కువగా బలి తీసుకునేది టీబీయే, అందుకే దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఒక్క వారం కూడా ఆగకూడదు. సరే, ఆ మందులూ ఉచితమే. కానీ నీరసంతో చల్లటి నీళ్లలో చేతులు పెట్టి గంటలకొద్దీ నిలబడలేకపోయింది. పని మానేసింది. ఇల్లు గడవడానికి, పిల్లాడి ఫీజుకి యాభై వేలు అప్పు చేసింది. నూటికి మూడు రూపాయల వడ్డీ, ప్రోనోటు మీద. అంటే నెలకి 1,500, ఏడాదికి 18,000. అసలు మాత్రం అక్కడే ఉంటుంది.

ఈమె పొదుపు సంఘంలో సభ్యురాలే. కిస్తీ తప్పిన మనిషి కాదు. సంఘాలకి మూడు లక్షల వరకు బ్యాంకు రుణం మీద వడ్డీ ఏడు శాతం. అదే యాభై వేలు సంఘం ద్వారా తీసుకుంటే ఏడాదికి 3,500. మరి సంఘంలో ఎందుకు అడగలేదమ్మా అంటే ఆమె ఏమందో విన్నట్టే చెబుతాను.

"మీటింగులో అందరి ముందూ దేనికో చెప్పాలి కదండీ. టీబీ అంటే, అదెందుకొచ్చిందే అంటారు. పోనీ గేదె కొనుక్కుంటానని అబద్ధం చెబుదామా అంటే, నెల తిరక్కుండా గేదె ఏదే అంటారండి."

పద్ధెనిమిది వేలలోంచి మూడున్నర వేలు తీసేయండి. 14,500. అంత డబ్బు ఏడాదికి ఆమె మీ ప్రశ్న తప్పించుకోవడానికి కట్టింది. మీ అంటే మిమ్మల్నే అనడం లేదు, కానీ ఏ సంఘం మీటింగులోనైనా ఆ ప్రశ్న అడిగే తీరు మనకి తెలుసు.

ఇలాంటి ఖర్చులు ఇంకా ఉన్నాయి. అమలాపురం మనిషి మందుకి కాకినాడ వెళ్తాడు, నర్సాపురం మనిషి ఏలూరు వెళ్తాడు. దగ్గర్లో మందు ఇచ్చే చోటు ఉన్నా వెళ్లరు, ఆ గది ముందు బెంచీ మీద తెలిసినవాళ్లు కనబడతారని టెన్షన్. ఒక రోజు కూలి పోతుంది, బస్సు, ఆటో, టిఫిను. మేస్త్రికి ఏదో ఒక కారణం చెప్పాలి. నెలనెలా ఒంట్లో బాగోలేదంటే మూడో నెల పనికి వేరేవాళ్లని చూసుకుంటాడు. మందుకి బాగా అలవాటుపడి, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, అదుపులో ఉన్నవాళ్లకి ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇచ్చే వీలుంది. నోరు తెరిచి కౌన్సెలర్‌ని అడగాలి. చాలామంది అడగరు.

ఇంటికొచ్చాక సీసా. ముప్పై మాత్రల ప్లాస్టిక్ సీసా కదిపితే గలగలమంటుంది. బస్సులో చేతిసంచిలో ఆ చప్పుడు వినబడకుండా దూది కుక్కేవాళ్లున్నారు. లేబుల్ చింపేస్తారు. కొందరు మాత్రలన్నీ పౌడరు డబ్బాలోకి మార్చేసి బీరువాలో చీరల కింద పెడతారు. మన దగ్గర గాలిలో తేమ ఎంతో తెలుసుగా, అప్పడాలే మెత్తబడిపోతాయి. ఆ సీసాలో చిన్న పొట్లం ఒకటి ఉంటుంది, తేమ పీల్చడానికి. లేబుల్ చింపితే చింపుకోండి కానీ మాత్రల్ని ఆ సీసాలోనే ఉంచండి, పొట్లం పారేయకండి.

రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాళ్లకి ఇంకో మాట. వెనకటి మందు తల తిప్పేది, అందుకని రాత్రి పడుకునే ముందే వేసుకోమనేవారు. రాత్రంతా నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు చూసుకునేవాడు తల తిరిగితే గట్టు మీద ఎలా నడుస్తాడు? అలా మానేసినవాళ్లున్నారు. ఇప్పటి మాత్రకి ఆ బాధ తక్కువ. పొద్దునైనా వేసుకోవచ్చు, అన్నం తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు, రోజూ ఒకే వేళకి అయితే చాలు. గ్యాస్ మాత్రల్లో యాంటాసిడ్ రకం మాత్రం దీంతో కలిపి వేసుకోకూడదు. ఈ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత అది వేసుకోవచ్చు, అది ముందు వేసుకుంటే ఆరు గంటలు ఆగాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి ఏఆర్టీ డాక్టరుకి, అంటే ఈ హెచ్ఐవీ మందు ఇచ్చే డాక్టరుకి, తప్పకుండా చెప్పాలి. మన ఊళ్లలో షుగరు డాక్టరు వేరు, ఈ డాక్టరు వేరు. గుట్టు కోసం ఒకరి చీటీ ఇంకొకరికి చూపించరు. ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కూడా చేయించుకోవాలి, హెచ్ఐవీ ఉన్నవాళ్లకి ఆ ముప్పు ఆరు రెట్లు.

గల్ఫ్ సంగతి ఎత్తకుండా ఈ డెల్టాలో ఏ ప్రసంగమూ పూర్తి కాదు. కువైట్, ఖతర్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఈ హాల్లో ఉన్నవాళ్ల చుట్టాల్లోనే ఎంతమందో! వీసాకి ముందు మెడికల్ ఉంటుంది. అందులో హెచ్ఐవీ తేలితే అన్‌ఫిట్. అక్కడికి వెళ్లాక తేలితే వెనక్కి పంపేస్తారు. చాలామందికి తమ సంగతి మొదటిసారి తెలిసేది అక్కడే, ఏజెంటు నోటి నుంచి. అప్పటికే ఏజెంటుకి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు, నగలు తాకట్టులో ఉంటాయి. జబ్బు సంగతి ఏజెంటుకి తెలిసిపోయింది కాబట్టి డబ్బు తిరిగి అడగడానికి నోరు రాదు. అందుకని నా సలహా ఒక్కటే. అడ్వాన్సు ఇవ్వకముందే ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీకి, అంటే హెచ్ఐవీ పరీక్ష చేసి సలహా చెప్పే కేంద్రానికి, వెళ్లి పరీక్ష చేయించుకోండి. ఉచితం. ముందూ తర్వాతా కౌన్సెలర్ మాట్లాడతారు. ఫలితం మీ చేతికి వస్తుంది, ఏజెంటు చేతికి కాదు.

భర్త పోయిన ఆడవాళ్ల విషయంలో నాకు ఎక్కువ కోపం వస్తుంది. అంతకాలం ఆయన మంచం దగ్గర సేవ చేసిన మనిషిని, నీవల్లే మావాడు పోయాడని పుట్టింటికి పంపేస్తారు. ఆమె నోరెత్తదు, ఎత్తితే జబ్బు పేరు వీధిలో పడుతుంది. ఆయన పేరున ముప్పై సెంట్లో, డాబా ఇల్లో ఉంటే అది అన్నదమ్ముల అనుభవంలోకి పోతుంది. అమ్మా, జబ్బు వేరు, హక్కు వేరు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన భర్త సొంత ఆస్తిలో భార్యకీ, ఒక్కొక్క బిడ్డకీ, ఆయన తల్లికీ సమాన వాటాలు. మన దగ్గర క్రైస్తవులు చాలామంది ఉన్నారు, వాళ్ల చట్టంలో పిల్లలుంటే భార్యకి మూడో వంతు. భర్త పోయిన వెంటనే మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని ఉంచుకోండి. ఈ రెండు కాగితాలూ లేక ఏళ్లతరబడి తిరిగినవాళ్లని బ్యాంకు కౌంటర్లో రోజూ చూశాను.

కోర్టుకెళ్తే పేరు బయటపడుతుందనే భయానికి చట్టంలోనే విరుగుడుంది. హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కోర్టు మీ పేరు బదులు మారుపేరుతో విచారణ జరపొచ్చు, తలుపులు మూసి వినొచ్చు. పాజిటివ్ అన్న కారణంతో పని తీసేయడం, ఇల్లు ఖాళీ చేయించడం, బడిలో చేర్చుకోకపోవడం, ఆసుపత్రిలో వైద్యం చేయకపోవడం నేరుగా ఈ చట్టం నిషేధించినవే. పద్ధెనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఆ కుటుంబం ఉంటున్న ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు. తల్లిదండ్రులు లేకపోతే, పన్నెండేళ్లు దాటిన అక్కో అన్నో పరిణతి ఉంటే, చిన్నవాళ్లకి సంరక్షకులుగా బడిలోనూ బ్యాంకులోనూ సంతకం పెట్టొచ్చు. ఈ నిబంధన బ్యాంకుల్లోనే చాలామందికి తెలియదు, చట్టం కాపీ పట్టుకెళ్లండి. అన్యాయం జరిగితే మూడు నెలల్లోగా అంబుడ్స్‌మన్‌కి, అంటే ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే అధికారికి, ఫిర్యాదు చేయాలి. ఆయన ముప్పై రోజుల్లో తేల్చాలి, వైద్యం అత్యవసరమైతే ఇరవై నాలుగు గంటల్లో.

డబ్బులొచ్చే దారులు రెండు మూడు చెబుతాను. ఏఆర్టీ మందు వాడేవారికి మన రాష్ట్రంలో పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకి 4,000. దరఖాస్తు ఎలాగన్నది ముందు ఏఆర్టీ సెంటర్లోనే అడగండి. టీబీ మందు వాడుతున్నన్నాళ్లు పోషణకి నెలకి 1,000 బ్యాంకు ఖాతాలో పడుతుంది. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, యాభై ఏళ్ల లోపువాళ్లు చేరొచ్చు. మనిషి ఏ కారణంతో పోయినా కుటుంబానికి రెండు లక్షలు. వేరే పెద్ద పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటు, అవన్నీ రాయక్కర్లేదులెండి అంటాడు. రాయండి. దాచిన సంగతి తర్వాత బయటపడితే క్లెయిము దగ్గర పేచీ పెడతారు, అప్పటికి ఆ ఏజెంటు ఫోను ఎత్తడు.

ఇక మీతో నా అసలు పని. వచ్చే నెల మీటింగులో రెండు మార్పులు చేయండి. అప్పు అడిగినవాళ్లు కారణం అందరి ముందూ చెప్పక్కర్లేకుండా, 'ఇంటి అవసరం' అంటే చాలని తీర్మానం రాసుకోండి. తీర్చే స్తోమతుందా, పాత కిస్తీలు సరిగ్గా కట్టిందా, అంతే చూడండి. అప్పిచ్చేవాడు అడగాల్సింది తీర్చే సంగతే అని నేను బ్యాంకులో నేర్చుకున్నాను. రెండోది, మినిట్స్ పుస్తకంలో ఎవరి జబ్బు పేరూ రాయకండి. ఆ పుస్తకం ఎంతమంది చేతులు మారుతుందో మీకే తెలుసు. ఎవరైనా మిమ్మల్ని నమ్మి తమ సంగతి చెబితే, వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పడం చట్టం ఒప్పుకోని పని. మీ ఆయనకి చెప్పినా అంతే.

ప్రశ్నలు నోటితో అడగొద్దు. వెనక బల్ల మీద చీటీలు, పెన్నులు ఉన్నాయి. అందరూ ఒక్కొక్క చీటీ తీసుకోండి, అడగడానికి ఏమీ లేనివాళ్లు ఖాళీ చీటీయే మడిచి డబ్బాలో వేయండి. పేరు రాయకండి. టీ తాగి వచ్చాక అన్నీ చదివి జవాబులు చెబుతాను. ఇక్కడ రాయడానికి కూడా ఇబ్బందైతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.